ఏసీ ఫంక్షన్ హాల్‌గా ప్రమోషన్ పొందిన పల్లీ నూనె మిల్లుకు

మహారాజశ్రీ మిల్లు గారికి,

మొన్న మీ దర్శనం అయింది. ఒంటికి గులాబీ రంగు, నెత్తిన సీరియల్ లైట్లు. పల్లిపొట్టు ఎగేసి మంట పెట్టిన బాయిలర్ గది ఇప్పుడు పెళ్లికూతురి డ్రెస్సింగ్ రూమట. పొగగొట్టాన్ని మాత్రం ఫొటో షూట్ల కోసం ఉంచారు. సంతోషం.

యజమానులు మారడం మీకు అలవాటే. నిజాం జమానాలో కట్టించిన సేటు 1948 పోలీస్ యాక్షన్ తర్వాత అమ్ముకున్నాడు. తర్వాతి అన్నదమ్ములు మీ నడుమ గోడ లేపారు. 1994లో పామోలిన్ దిగుమతికి గేట్లెత్తాక పల్లీనూనె అడిగేవాళ్లు తగ్గి, కొన్నేళ్లకు బ్యాంకు తాళం పడింది. ఆపైన బియ్యం గోదాం, ఇప్పుడీ వైభోగం. 2016లో మీ జిల్లా కూడా మారింది, పాలమూరు పోయి వనపర్తి.

ఇన్ని రిజిస్ట్రేషన్లలో మా నాయిన సర్వీసు ఏ దస్తావేజులో పడిందండీ? పీఎఫ్ కిందిచ్చే 1995 పింఛను పథకానికి పదేళ్ల సర్వీసు కావాలి. పల్లికాయ పొట్టు ఒలిచే మిషను, అదే డికార్టికేటర్ కాడ దుమ్ము మింగుతూ ఆయన అంతకంటే ఎక్కువే చేశాడు. పీఎఫ్ ఆఫీసులో మస్టరు, అంటే హాజరు పుస్తకం తెమ్మన్నారు, యజమాని సంతకం తెమ్మన్నారు. అన్నదమ్ముల కొడుకు హైదరాబాదులో ఫోన్ కట్ చేస్తాడు. గోదామాయన "బ్యాంకు వేలంల కొన్న" అంటాడు. మీ మేనేజరు మధ్యాహ్నమంతా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, "మేం జాగ కొన్నం, మిల్లు కొనలే" అన్నాడు. మస్టర్లు ఏమైనయంటే తుక్కు సేటుకు కిలోల్లెక్క అమ్మిన్రట!

జాగ కొన్నరు, గోడలు కొన్నరు, పొగగొట్టం కొన్నరు. దాని కింద దగ్గినోన్ని మాత్రం ఎవ్వడూ కొనలే. ఇనుప కాంటాను గేటు కాడ పూలకుండీలకు పీట చేసిన్రు గదా, దానికున్న విలువ మా నాయినకు లేకపాయె. 1952 పీఎఫ్ చట్టంల 17బి అని ఒక సెక్షన్ ఉన్నది. కార్ఖానా చేతులు మారితే పాత పీఎఫ్ బకాయికి ఇచ్చినోడూ తీస్కున్నోడూ ఇద్దరూ జవాబుదారులే. మీ మేనేజరుకు చదివి వినిపిస్తే "పార్టీ వచ్చే టైమైంది, బండి తియ్యి" అన్నడు.

సోమవారం ఆ సెక్షన్ జిరాక్సు పట్టుకొని మళ్ల వస్తున్న. ఈసారి నాయినను కూడా తెస్త. నీ షెడ్డుల ఏ మూల ఏ మిషను ఉండెనో, జీతం ఏ కిటికీల ఇచ్చిన్రో ఆయనే చూపెడ్తడు. వాచ్‌మన్‌కు చెప్పిపెట్టు.

ఇట్లు,
మీ డికార్టికేటర్ కాడ చేసినాయన కొడుకు