మహారాజశ్రీ ఎస్సెఫ్టీ రేటు గారి సముఖానికి

అయ్యా,

హన్మకొండలో ఎవరింట్లోనైనా ఇల్లు కట్టాలా, కట్టిందే కొనాలా అన్న మాట లేచిందంటే ముందుగా కుర్చీ వేయించుకునేది, చదరపు అడుగుకు ఇంత అని చెప్పే తమరే. ఇంట్లోవాళ్లు కాగితం మీద ఒక పక్క మేస్త్రి చెప్పిన మిమ్మల్ని, ఇంకో పక్క బ్రోకర్ చెప్పిన మిమ్మల్ని రాసుకొని, ఏ అంకె చిన్నగా ఉంటే దాని చుట్టూ గీత గీస్తారు. అక్కడున్న ఇద్దరూ ఒకే పేరు పెట్టుకున్న వేరువేరు మనుషులని వాళ్లూ అడగరు, తమరూ చెప్పరు.

మేస్త్రి దగ్గర తమరు స్లాబ్ ఏరియా మీద నడుస్తారు. పోర్టికో, మెట్లు, బాల్కనీ, కొందరి దగ్గరైతే సజ్జలతో సహా కొలతలో కలిపేస్తారు. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, బోరు దగ్గరికి రాగానే "అవి రేట్లకు రావు సార్" అనిపిస్తారు. 30×60 ప్లాటు, అంటే 200 గజాలు, చుట్టూ ప్రహరీయే 180 అడుగుల పొడవు. అందులో ఒక్క అడుగు కూడా మీ ఖాతాలో లేదు. పెళ్లి భోజనానికి ప్లేటు ఇంత అని చెప్పి, నీళ్లకు వేరే, వడ్డించేవాళ్లకు వేరే అన్నట్టుంది తమరి లెక్క.

ఫ్లాటు అమ్మేవాళ్ల దగ్గర సూపర్ బిల్టప్ వేషం. లిఫ్టు, వరండా, వాచ్‌మన్ గది, అన్నిట్లో తలా కొంత మా మీదే. కార్పెట్ ఏరియా, అంటే గోడల లోపల వాడుకునే చోటు, చెప్పి అమ్మమని 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం అన్నది. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోతేనో, ఫ్లాట్లు ఎనిమిది మించకపోతేనో ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కూడా అదే చట్టం అన్నది. కాలనీల్లో ఐదు ఫ్లాట్ల బిల్డింగులు ఎందుకంత ముచ్చటగా లేస్తున్నాయో తమకు తెలియనిదా! అక్కడ తమరిని కాదు, మా పేరున ఎన్ని గజాల భూమి రాస్తారని అడగాలి. ముప్పై ఏళ్లకు గోడల విలువ పోతుంది, ఆ గజాలే మిగులుతాయి.

అసలు ఫిర్యాదు నేల కింద ఉంది. వరంగల్ చుట్టుపక్కల ఒక లేఅవుట్‌లో ఎర్ర చెలక ఉంటే, పక్క లేఅవుట్‌లో నల్లరేగడి. ఏనుమాముల మార్కెట్‌కు బస్తాలకు బస్తాలు పత్తినిచ్చే నేలే ఇంటికి మాత్రం సవతి తల్లి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, ఏడాదికోసారి గోడను ఎత్తి దించుతుంది. చెలకలో నాలుగైదు అడుగులకే గట్టి మొరం తగలొచ్చు. రేగడిలో ఏడడుగులు తవ్వినా తగలకపోవచ్చు. గట్టి నేల తగిలేదాకా పోయి ఫుటింగ్, అంటే పిల్లరు పాదం, వేయాలి, పిల్లర్లన్నిటినీ నేలమట్టం దగ్గర ప్లింత్ బీముతో కట్టాలి, లోపలి నల్లమట్టి తీసేసి మొరం నింపి నీళ్లు కొట్టి దిమ్మిస చేయాలి. తమరు మాత్రం చెలకకూ రేగడికీ ఒకే మొహంతో వస్తారు, ఎందుకంటే మీ చూపంతా బేస్‌మెంటుకు పైన లేచేదాని మీదే. రామప్ప గుడికి కాకతీయుల స్థపతులు పునాదిలో ఇసుక నింపి మరీ కట్టారు. పాపం, వాళ్లకు తమరి పరిచయం లేదు.

అందుకే ఒక మాట మొహమాటం లేకుండా చెప్తున్నాం. రేగడి నేలలో పది వానాకాలాలు చూసి, ఏటవాలు పగులు లేకుండా నిలబడ్డ పాత ఇల్లు దొరికితే, అదే నేలలో కొత్తగా కట్టడం కన్నా కొనడమే మేలు. ఆ నేల పెట్టాల్సిన పరీక్ష పెట్టేసింది, ఫలితం గోడ మీదే ఉంది.

అయితే ఆ గోడ మీద నిన్ననే రంగేసి ఉంటారు. పిల్లరుకూ ఇటుకకూ మధ్య నిలువుగా వెంట్రుకవాసి గీత ఉంటే పెద్ద భయం లేదు, అక్కడ మెష్ (వల) వేయకుండా ప్లాస్టర్ కొట్టారంతే. కిటికీ మూల నుంచి మెట్లుమెట్లుగా పాకి, ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉన్న పగులు వేరు: ఇల్లు ఒక పక్కకు దిగుతోంది. బాత్రూం గోడకు అవతలి పక్క, బీరువా జరిపి, మోకాలి ఎత్తు వరకు చెయ్యి పెట్టి చూడాలి. పుట్టీ పొక్కులు తగిలితే తేమ లోపలే ఉంది. సీలింగ్‌లో గోధుమరంగు చారలు కడ్డీల వరుసలోనే కనిపిస్తే లోపల తుప్పు మొదలైంది. టైల్స్‌ను రూపాయి బిళ్లతో తడితే బోలుగా మోగేవి ఎన్నో తెలుస్తుంది. బోరు సంగతి మే నెలలో అడగాలి, ఆగస్టులో అందరి బోర్లూ మంచివే. "పైన ఇంకో ఫ్లోర్ వేసుకోవచ్చు సార్" అంటే స్ట్రక్చరల్ డ్రాయింగ్ చూపించమనండి. నూటికి తొంభై మంది దగ్గర ఉండదు, ఇది మా అంచనా మాత్రమే.

కట్టుకునేవాళ్లకున్న ఒకే ఒక్క లాభం, కాంక్రీటు లోపల ఏముందో కళ్లతో చూడటం. అదీ స్లాబ్ రోజున సైట్లో నిలబడితేనే. బస్తా సిమెంటుకు పాతిక లీటర్ల నీళ్లు చాలు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మాలు జారాలని ఇంకో బకెట్ పోస్తారు. ఆ ఎక్కువ నీళ్లు ఆరాక సన్నని రంధ్రాలు మిగులుతాయి, వాన వాటిలోంచే కడ్డీ దాకా పోతుంది. కింది కడ్డీల కింద వాటిని ఎత్తిపట్టే 20 ఎంఎం కవర్ బ్లాకులు ఉండాల్సిన చోట కంకర ముక్కలుంటాయి, వైబ్రేటర్ తగలగానే అవి పక్కకు దొర్లుతాయి. ఇంతకన్నా ఎక్కువగా జరిగేది, ఎవరూ చూడనిది ఇంకోటుంది: బీముల పైనుంచి పోయే పై కడ్డీలను తట్టలు మోసేవాళ్లు తొక్కీ తొక్కీ కిందికి దించేస్తారు. కింద చైర్లు, అంటే వాటిని ఎత్తిపట్టే వంచిన కడ్డీలు, పెట్టి, నడవడానికి పలకలు వేయకపోతే, రెండేళ్లకు డాబా మీద బీము వెంబడే గీత పడి నీళ్లు దిగుతాయి.

తర్వాత సెంట్రింగ్, అంటే స్లాబ్ కింద ఊతంగా పెట్టే షీట్లూ కర్రలూ. ఊతకర్రలు తీయకుండా ఆగాల్సింది, ఆధారాల మధ్య దూరం నాలుగున్నర మీటర్ల లోపున్న స్లాబ్‌కు 7 రోజులు, దాటితే 14, ఆరు మీటర్ల వరకు బీములకు 14, ఆపైన 21 అని కాంక్రీటు పనికి దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెప్తుంది. ఫ్లైయాష్ కలిపిన పీపీసీ సిమెంటైతే ఇంకొన్నాళ్లు ఆగడం మంచిది. కానీ ఆ షీట్లు హసన్‌పర్తిలో ఇంకో సైటుకు పోవాలి కదా! ఎండాకాలంలో గట్లు కట్టి నీళ్లు నిలపాల్సిన చోట, పొద్దున ఒకసారి పైపుతో తడిపి క్యూరింగ్ అయిందంటారు. అక్కడ నిలబడే తీరిక లేని ఉద్యోగస్తుడు కట్టినా ఒకటే, కొన్నా ఒకటే.

డబ్బు దగ్గర కూడా తమరు సగమే మాట్లాడతారు. స్టాంపు డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, కలిపి ఏడున్నర శాతం. ప్లాటు కొంటే భూమి మీదే, ఇల్లు కొంటే భూమితో పాటు కట్టడం మీద కూడా. కట్టేవాళ్లు ఇక్కడ మిగుల్చుకున్నది ఇల్లు లేచేదాకా ఉండే ఇంటి కిరాయికి పోస్తారు. బ్యాంకు లోను బేస్‌మెంటుకు కొంత, స్లాబ్‌కు కొంత అని విడతలుగా వస్తుంది, ప్రతి విడతకూ ముందు మన చేతి డబ్బు పడాలి.

2020 ఆగస్టులో, 2023 జులైలో నయీంనగర్ నాలా, హంటర్ రోడ్డు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. వాన వెలిసి నేల ఆరగానే తమరు అదే అంకెతో ప్రత్యక్షం. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు వదలాలన్న సంగతి తమరి నోట ఎన్నడూ వినలేదు.

కాబట్టి మనవి ఏమిటంటే, ఇకముందు ఒంటరిగా రాకండి. పక్కన ఒక కాగితం పట్టుకురండి: కొలత ఏ ఏరియా మీద, తవ్వకం ఎన్ని అడుగుల వరకు, ఆ తర్వాత అడుగుకు ఎంత, ఏ సిమెంటు, ఏ కడ్డీ, సంపు ఎన్ని వేల లీటర్లు. 12 ఎంఎం కడ్డీ 12 మీటర్లది పది కిలోల ఆరువందల గ్రాములకు అటూఇటూగా తూగాలి, కాంటా మేమే తెచ్చుకుంటాం. గోడలు లేచాక ఎటూ వచ్చే మీ తమ్ముడు 'ఎక్స్‌ట్రా వర్క్' గారిని కూడా ఈసారి అగ్రిమెంటు రోజే వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
200 గజాల ప్లాటు చేతిలో పెట్టుకొని, ఆదివారాలు పాత ఇళ్లు చూసి వస్తున్నవాళ్లు

తా.క.: ఎలివేషన్ ఫొటోలు పంపకండి. ఫుటింగ్ గుంతల ఫొటోలుంటే పంపండి, పక్కన టేపు పెట్టి.