నాటుకోడి పక్కన వెచ్చటి రెడ్‌వైనా?

దోస్తులను దావత్‌కు పిలిచి, అల్మారాల నుంచి తీసిన రెడ్‌వైన్‌ను అట్లనే గ్లాసుల్ల పోసుడు ఏందండీ! రూమ్ టెంపరేచర్ అని సీసా మీద రాసినా, అది 16–18 డిగ్రీల మాట. మే నెలల హనుమకొండల ఏసీ లేని ఇల్లు 35 దాటుతది. ఆ వేడికి ఆల్కహాల్ ఘాటే ముక్కుకు కొడుతది, పండు వాసన పోతది. బకెట్ల ఐసు, నీళ్లు సగం సగం పోసి సీసాను పావుగంట ముంచితే అయిపాయె.

అంతకన్న బాధ, నాటుకోడి కూర పక్కన కాబెర్నే సావిన్యాన్ అనే వగరు రెడ్‌వైన్ పెట్టుడు. దాని వగరు, 13–14 శాతం ఆల్కహాల్ కలిసి కారాన్ని ఎగదోస్తయి. రెండో బుక్కకే నాలుక మండుతది, వైన్ చేదైతది, వండినోళ్ల కష్టం దండుగ. అక్కడ కొంచెం తీపున్న షెనిన్ బ్లాంక్ అనే వైట్‌వైన్‌ను బాగ చల్లగ పొయ్యాలె, నాసిక్‌దే మంచిగుంటది. గోంగూర మటన్‌కైతే పులుపు గట్టిగున్న ఇంకో వైట్‌వైన్, సావిన్యాన్ బ్లాంక్ కావాలె, లేకుంటే వైన్ సప్పగైతది. సర్వపిండికి బుడగల వైన్.

డబుల్ కా మీఠాకు డ్రై వైన్, అంటే తీపి లేని వైన్, వద్దే వద్దు. మిఠాయి కంటె వైన్ తియ్యగ లేకపోతే ఉత్త పులుపే తెలుస్తది. 750 మి.లీ. సీసాకు గ్లాసుకు 150 చొప్పున 5 గ్లాసులు వస్తయి. నలుగురు కూసునే కాడ ఇవన్ని ఒక్కనాడే పెట్టి, ఒక్కో వంటకు ఒక్కో సీసా తెరుసుడు ఎందుకు?