కర్పూరం తినే బ్యాక్టీరియా మన మందుల ఫ్యాక్టరీ రియాక్టర్ దాకా ఎందుకు రావట్లేదు?

హారతి కర్పూరం మాలిక్యూల్‌లో పది కార్బన్లుంటాయి. వాటిల్లో ఫలానా ఒక్క కార్బన్‌కే, అదీ ఒక్క వైపు నుంచే ఆక్సిజన్ తగిలించమని ఏ సింథసిస్ కెమిస్టునైనా అడగండి, తల పట్టుకుంటాడు. మట్టిలో బతికే సూడోమోనాస్ పుటిడా అనే బ్యాక్టీరియా మాత్రం పీ450 అనే ఎంజైమ్‌తో (రియాక్షన్ నడిపించే ప్రోటీన్) ఐదో కార్బన్ దగ్గర ఆ పని కానిచ్చేసి మిగతా కర్పూరాన్ని మెల్లగా తినేస్తది, హీటింగ్ లేదు, హై ప్రెషర్ లేదు.

ఇదంతా ల్యాబ్ ముచ్చట అనుకుంటే షుగర్ మాత్ర సిటాగ్లిప్టిన్ సంగతి చూడండి. దాన్ని తయారుచేసే పాత రూట్‌లో రియాక్షన్ నడపడానికి రోడియం అనే లోహం క్యాటలిస్టు, హై ప్రెషర్ హైడ్రోజన్, ఆఖర్న ఆ రోడియం ఆనవాళ్లు తీసెయ్యడానికి ఇంకో తతంగం, ఇంతా చేస్తే అద్దంలో బొమ్మలాంటి అక్కర్లేని రూపం కొంచెం మిగిలేది. మందుల కంపెనీ మెర్క్, ఎంజైముల కంపెనీ కోడెక్సిస్ వాళ్లు ఆర్థ్రోబ్యాక్టర్ అనే ఇంకో మట్టి బ్యాక్టీరియా ఎంజైమ్ తీసుకున్నారు, మొదట్లో అది ఈ మాలిక్యూల్‌ని ముట్టుకోనే లేదు, మార్చుకుంటూ పోగా పోగా 27 మ్యుటేషన్ల (ఎంజైమ్‌లో చేసిన మార్పుల) తర్వాత దారికొచ్చింది. 2010లో వాళ్లు పబ్లిష్ చేసిన లెక్క ప్రకారం ఈల్డ్, అంటే చేతికొచ్చే సరుకు, 10–13 శాతం మేర పెరిగింది, వేస్ట్ 19 శాతం తగ్గింది. అదీ సగం డీఎంఎస్ఓ అనే ఘాటైన కెమికల్ ఉన్న సాల్వెంట్‌లో (సరుకు కరిగించే ద్రవంలో), లీటరుకి 200 గ్రాముల సరుకేసి. అందుకే "ఎంజైములు సుకుమారం సార్, సాల్వెంట్ తగిల్తే చచ్చిపోతాయి" అంటే నాకు సాకులాగే వినిపిస్తది.

నేను బెంగళూరులో బొమ్మసంద్ర వైపు వేరే మందుల కంపెనీల కోసం రీసెర్చ్ చేసిపెట్టే ఒక కాంట్రాక్ట్ రీసెర్చ్ కంపెనీలో చేశా, టీంలో సగం మంది తెలుగోళ్లమే. మాలిక్యూల్‌ని ఏ దారిలో చెయ్యాలో తేల్చే రూట్ మీటింగ్‌లో ఎంజైమ్ మాటెత్తితే "క్లయింట్ అడిగితే చూద్దాంలే, ముందు పెల్లాడియం వెయ్యి" అనేవాళ్లు, పెల్లాడియం కూడా రోడియం లాంటి లోహం క్యాటలిస్టే. వాళ్లనీ అనలేం, క్లయింట్ వారాల్లో గ్రాములు పంపమంటాడు, సరైన ఎంజైమ్ దొరకడానికి నెలలు పడుద్ది. రెండు మాలిక్యూల్ ముక్కల్ని కార్బన్ దగ్గర అతికించే సుజుకీ కప్లింగ్ లాంటివాటికి పెల్లాడియమే దిక్కు, అదీ ఒప్పుకుంటా.

తమాషా ఏంటంటే ఇదే ఊళ్లో 1978లో బయోకాన్ మొదలైంది ఎంజైములతోనే, బొప్పాయి పాల నుంచి తీసే పాపైన్ అనే ఎంజైమ్‌తో. 2007లో ఆ వ్యాపారాన్ని డెన్మార్క్ ఎంజైముల కంపెనీ నోవోజైమ్స్‌కి అమ్మేశారు. అది వాళ్ల లెక్క.

నా గొడవ వేరే లెక్క గురించి. రూట్ కాస్టింగ్ షీట్‌లో క్యాటలిస్టు ధర ఉంటది, సాల్వెంట్ ధర ఉంటది, వాడేసిన సాల్వెంట్‌ని ట్యాంకర్‌లో పంపించే ఖర్చు మాత్రం ఈటీపీ (ఫ్యాక్టరీ వ్యర్థాల్ని శుద్ధి చేసే విభాగం) వాళ్ల ఖాతాలో పడుద్ది. ఆ ఒక్క వరస ఇటు మార్చి మళ్లీ కూడమనండి, పెల్లాడియం ఎన్ని ప్రాజెక్టుల్లో చవగ్గా కనపడుద్దో చూద్దాం.