‘పైలట్ చూసుకుంటాడులే’ అని డిజైన్ చేస్తే

నాగార్జునసాగర్ చుట్టుపక్కల ఆకాశంలో శిక్షణ విమానాలు తిరగడం నల్లగొండ జిల్లావాళ్లకు తెలిసిందే. 2022 ఫిబ్రవరి 26న పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర సెస్నా 152 కూలి, శిక్షణలో ఉన్న యువ పైలట్ చనిపోయారు. ఇటు సాగర్ రోడ్డుకు దగ్గర్లోనే, ఆదిభట్లలోని టాటా-బోయింగ్ ఫ్యాక్టరీలో 737 విమానాల తోకమీద నిలువుగా ఉండే ఫిన్ తయారవుతోంది. విమానం నడపబోయేవాళ్లూ, దాన్ని తయారుచేసేవాళ్లూ ఈ ప్రాంతం నుంచే వెళ్తున్నారు. అందుకే బోయింగ్ 737 మ్యాక్స్ రకం విమానాల ప్రమాదాలను ఇద్దరూ వివరంగా చదవాలి.

2018 అక్టోబర్ 29న లయన్ ఎయిర్ విమానంలో 189 మంది, 2019 మార్చి 10న ఇథియోపియన్ విమానంలో 157 మంది చనిపోయారు. రెండింటిలోనూ, ముక్కు మరీ పైకి లేస్తే దించాల్సిన ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ ముక్కును పదేపదే కిందికి దించింది. రెక్క గాలిని ఏ కోణంలో కోస్తోందో చెప్పే సెన్సర్లు విమానానికి రెండున్నాయి. ఎంక్యాస్ మాత్రం ఒక్కదాని మాటే వింది. లయన్ ఎయిర్‌లో ఆ సెన్సర్ 21 డిగ్రీలు తప్పు చూపింది.

మొదటి డిజైన్‌లో ఎంక్యాస్ ఒకసారికి, తోకలో అడ్డంగా ఉండి ముక్కును పైకీ కిందికీ తిప్పే స్టెబిలైజర్‌ను 0.6 డిగ్రీలే కదిపేది. తర్వాత దాన్ని 2.5 డిగ్రీలకు పెంచారు. అంత కదలికకు 9 సెకన్లు చాలు. పైలట్ బటన్‌తో ట్రిమ్‌ను, అంటే ముక్కు స్థిరంగా నిలిచేలా తోకలో చేసే అమరికను, సరిచేసి వదిలితే, 5 సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెడుతుంది. సెస్నా 152లో ట్రిమ్ తప్పినా చేతి బలంతో ఆపుకోవచ్చు. 737లో స్టెబిలైజర్ పూర్తిగా వాలిపోతే, రెండు చేతులతో స్టిక్ (విమానం నడిపే పిడి) లాగినా, దాని వెనక అంచున కదిలే ఎలివేటర్ పలక దాన్ని గెలవలేదు.

అసలు తప్పు భద్రత లెక్కలోనే ఉంది. ఎంక్యాస్ పొరపాటున పనిచేస్తే పైలట్ 4 సెకన్లలో సరిచేస్తాడని రాసుకున్నారు. 2012లో సిమ్యులేటర్‌లో బోయింగ్ సొంత టెస్ట్ పైలట్‌కే 10 సెకన్లకు పైగా పట్టింది. పైగా నిజం కాక్‌పిట్‌లో ఒక్క సమస్యే రాలేదు. రెక్కకు ఎత్తే బలం పోతోందని హెచ్చరిస్తూ కెప్టెన్ వైపు స్టిక్ వణకడం, వేగం, ఎత్తు రీడింగుల్లో తేడా, వరుస హెచ్చరికలు, అన్నీ ఒకేసారి మీదపడ్డాయి. చెక్‌లిస్టేమో ట్రిమ్ ఆగకుండా తిరిగే సందర్భానికి రాసింది. ఇక్కడ ట్రిమ్ ఆగి ఆగి తిరుగుతోంది. ఇథియోపియన్ పైలట్లు ట్రిమ్ మోటారును ఆపే కటౌట్ స్విచ్‌లు వేశారు కూడా. కానీ ఇంజన్లు టేకాఫ్ పవర్‌లోనే ఉండడంతో వేగం హద్దు దాటింది. గాలి ఒత్తిడికి చేతితో తిప్పే ట్రిమ్ చక్రం కదల్లేదు.

ఇంతటి వ్యవస్థ ఎలా పనిచేస్తుందన్న వివరణే పైలట్ల మాన్యువల్‌లో లేదు. పాత 737 నడిపినవాళ్లకు ఐప్యాడ్ మీద చిన్న కోర్సుతో సరిపెట్టారు. సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరైతే విమానానికి 10 లక్షల డాలర్ల చొప్పున ధర తగ్గిస్తామని అమెరికా విమాన సంస్థ సౌత్‌వెస్ట్‌తో బోయింగ్ ఒప్పందం రాసుకుంది. శిక్షణ తగ్గడమే అమ్మకపు గుణమైనప్పుడు, ప్రమాదాన్ని చిన్నదిగా చూపాలన్న ఒత్తిడి ఇంజనీర్ బల్లమీదికే వస్తుంది. ఇది నా దృష్టిలో సాంకేతిక లోపం కన్నా ముందు నైతిక లోపం.

తర్వాత చేసిన మార్పులు చూస్తే అవి మొదట్లోనే సాధ్యమని తెలుస్తుంది. ఇప్పుడు రెండు సెన్సర్లనూ పోలుస్తారు. రెక్క వెనక పలకలు (ఫ్లాప్స్) ముడిచి ఉన్నప్పుడు తేడా 5.5 డిగ్రీలు మించితే ఎంక్యాస్ ఆగిపోతుంది. కోణం పెరిగిన ప్రతిసారీ ఒక్కసారే పనిచేస్తుంది, పైలట్ స్టిక్ దాన్ని మించగలదు. సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి అయింది. మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2021 ఆగస్టులో మ్యాక్స్‌ను మళ్లీ అనుమతించింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇంజనీరింగ్ కాలేజీల్లో మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులో ఒక పట్టిక తప్పనిసరి చేయాలి. ఏ భాగం చెడితే ఏమవుతుంది, అప్పుడు మనిషి ఏం చేయాలి, ఎన్ని సెకన్లలో, ఆ సెకన్లను ఎవరిమీద కొలిచారు? చివరి గడి ఖాళీగా ఉంటే గైడ్ సంతకం చేయకూడదు. శిక్షణ సంస్థలు కూడా కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన 200 గంటలు నింపడంతో ఆగకుండా, రెండు మూడు లోపాలు కలిసి వచ్చే పాఠాలను సిమ్యులేటర్‌లో ముందే చెప్పకుండా పెట్టాలి.