కంచరగాడిదకు ‘ఏమీ ఉండవు’ట!

గౌరీకుండ్‌లో, తెల్లారకముందే, లద్దె వాసన మధ్య నాకు జ్ఞానోపదేశమైంది. కేదారనాథ్‌కి ఎక్కబోతున్న జంతువు వెనక్కాళ్ల మధ్యకి తొంగిచూసి, మా బృందంలో ఒక పెద్దాయన తేల్చేశారు: "దీనికి ఏమీ ఉండవు బాబూ. పుట్టు నపుంసకం. అందుకే పిల్లలు పుట్టరు." మంకీ టోపీలోంచి వచ్చిన మాట. కాదనడానికి మనమెవరం?

ఉండవా మహానుభావా? మగగాడిదకీ ఆడగుర్రానికీ పుట్టిన ఆ కుర్రాడికి అంగం, వృషణాలు, కోరిక అన్నీ సలక్షణంగా ఉంటాయి. పైగా నాన్నగారి ఆస్తి కింద అంగం తొడుగు మీద చిన్న చనుమొనలు కూడా సంక్రమిస్తుంటాయి. మగగుర్రాలకు మామూలుగా ఆ భోగం లేదు.

లోపల జరిగేదల్లా ఆగిపోయిన పెళ్లి. అమ్మది 64 క్రోమోజోముల ఇల్లు, నాన్నది 62. చెరి సగం తెచ్చుకోగా మనవాడికి 63. వీర్యకణం తయారవాలంటే గుర్రంవారు 32 మందీ గాడిదవారు 31 మందీ జంటలుగా పీటల మీద కూర్చోవాలి. ఒకరు మిగిలిపోయారు. పోనీ తక్కినవాళ్లయినా కుదురుకుంటారా అంటే ఈడూ జోడూ కలవదు. ఒక పీట మీద ముగ్గురెక్కుతారు, ఒకాయన అటు తిరిగి కూర్చుంటాడు, పురోహితుడు పంచాంగం మూసేస్తాడు. తలంబ్రాలు పళ్లెంలోనే ఉండిపోతాయి. భజంత్రీలవాళ్లకి మాత్రం ఎవరూ కబురు చెప్పరు! వాళ్లు వాయిస్తూనే ఉంటారు. ఆ మేళం పేరు టెస్టోస్టిరాన్, వృషణాల్లో తయారయ్యే మగ హార్మోను. అందుకే విత్తులు తీయని మగకంచర ఆడగుర్రం కనబడితే ఎక్కబోతుంది, అడ్డొస్తే కరుస్తుంది. (ఆడవాటిలో ఒకటీ అరా ఈనిన దాఖలాలున్నాయి. మగవాడు తండ్రయినట్టు నికరమైన దాఖలా లేదు.)

పిల్లలు పుట్టనిదానికి విత్తులెందుకు తీస్తారంటే ఆ మేళం ఆపడానికే. అక్కడి రక్తనాళాలు లావు. సరిగ్గా ముడి వేయకపోతే నెత్తురు కట్టదు. పెద్దాయన చూసింది అలా తీసేసిన చోటు.

మీరే కోస్తారు. కోసి, దీనికి పుట్టుకతోనే లేవంటారు. జేబు కత్తిరించి, వీడు పుట్టుబీద అన్నట్టు! సిగ్గుండాలి. జీను కింద పుండు పచ్చిగా ఉన్నా సుమారు 16 కిలోమీటర్లు మిమ్మల్ని మోసుకుంటూ ఎక్కే ప్రాణి అది. కాలు జారితే ముందు కొట్టేది దాన్నే. దాని మగతనం మీద తీర్పు చెప్పడానికి దాని వీపు దిగాల్సిన పని కూడా లేదు మీకు.

పైకి చేరాక పెద్దాయన ఫొటో దిగి, ఇంటివాళ్ల గ్రూపులో పెట్టారు: ‘గుర్రం మీద కేదారనాథ్!’ ఎక్కినప్పుడు గుర్రమే మరి. తర్వాత కొడుక్కి ఫోను చేశారు.

"పెళ్లయి నాలుగేళ్లయింది, ఇంకా విశేషం లేదేంట్రా, కంచరగాడిదా?"