ఆ డికాప్రియో చెట్టు మెసేజ్ నాకు ఇంక పంపకండి

ఈ వారంలో ఇది ఐదోసారి. రెండు కాలేజీ గ్రూపులు, అపార్ట్‌మెంట్ గ్రూపు, మా పెదనాన్నగారి అబ్బాయి అయిపోయాక, చివరికి బోటనీ చదువుకున్న స్నేహితుడు కూడా పంపాడు. వాడి దగ్గర్నుంచి వచ్చాక ఊరుకోబుద్ధి కాలేదు. ఇంకా అందని అదృష్టవంతుల కోసం మెసేజ్ సారాంశం:

“ఆఫ్రికా కీకారణ్యంలో నాసా కొత్త చెట్టును కనిపెట్టింది. ప్రపంచం మొత్తంలో ఇది ఒక్కటే ఉంది. హాలీవుడ్ హీరో డికాప్రియో కోట్లు పోసి దానికి తన పేరు పెట్టించుకున్నాడు. మన సీతాఫలం కుటుంబమే కాబట్టి దీని ఆకుల కషాయం క్యాన్సర్ మీద కీమోథెరపీ కంటే పది వేల రెట్లు బాగా పనిచేస్తుందని శాస్త్రవేత్తలు తేల్చారు. ఇది దొరకనివాళ్ళు లక్ష్మణఫలం ఆకులు వాడొచ్చు. మన ఋషులకు ఇదంతా ముందే తెలుసు. ఇక ఆ అడవికి కూడా ఢోకా లేదు. పది మందికి పంపండి.”

ముందు ఫొటో సంగతి. మెసేజ్‌తో పాటు వస్తున్నది బావోబాబ్ ఫొటో. గోల్కొండ నయా ఖిల్లాలో ఏనుగంత మాను ఉంటుందే, ఆ జాతి. అది మెట్ట నేలల చెట్టు, రోజూ వానలు కురిసే అడవిలో ఉండదు. అసలు చెట్టు ఎత్తు నాలుగు మీటర్లు. మీ అపార్ట్‌మెంట్ గోడ పక్కన నిటారుగా నిలబడిన నరమామిడి కంటే పొట్టిది. అన్నట్టు నరమామిడి కూడా ఈ చెట్టుకు చుట్టమే.

నాసాకూ దీనికీ సంబంధం లేదు. నాసా పేరు లేకపోతే మనవాళ్ళు ఫార్వార్డ్ చేయరని ఎవరో కలిపి ఉంటారు.

“ఒక్కటే చెట్టు” అన్నదీ తప్పే. కామెరూన్‌లోని ఎబో అడవిలో, ఒకే చోట, యాభై కంటే తక్కువ చెట్లు కనిపించాయి. ఒకటి కంటే యాభై నయం అనుకోవడానికీ లేదు, అందుకే దీన్ని అతి తీవ్ర ప్రమాదంలో ఉన్న జాతిగా లెక్కగట్టారు. 2022 జనవరిలో లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ వాళ్ళు, కామెరూన్ వృక్షశాస్త్రజ్ఞుడు జాఁ మిషెల్ ఒనానా తదితరులు కలిసి యువేరియాప్సిస్ డికాప్రియో అనే పేరుతో ప్రచురించారు. క్యూ వాళ్ళు ఆ ఏడాది పేరు పెట్టిన మొదటి కొత్త మొక్క ఇదే. నిగనిగలాడే పసుపుపచ్చ పూలు కొమ్మల చివర కాకుండా మాను మీదే గుత్తులుగా పూస్తాయి. మన పనస, మేడి మానుకే కాస్తాయి కదా, ఆ తీరు.

“కనిపెట్టింది” అనే మాట దగ్గర కూడా కాస్త ఆగాలి. ఏ చెట్టూ మనిషి చూసేదాకా దాక్కుని కూర్చోదు. కొత్త జాతి అంటే అర్థం, ఎండబెట్టిన కొమ్మను హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కలు దాచే చోట, మూల నమూనాగా పెట్టి, దగ్గరి జాతులతో ఆకు ఆకునూ రేకు రేకునూ పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని తేల్చి, పేరుతో సహా అచ్చువేయడం. 2011 దాకా ఆ వర్ణన లాటిన్‌లో ఉంటేనే చెల్లేది, 2012 నుంచి ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతోంది. ఏళ్ళు పట్టే పని. ఏటా దాదాపు రెండు వేల మొక్కలు ఇలాగే శాస్త్రానికి కొత్తగా చేరుతుంటాయి. వాటిలో ఒక్కదానికీ మన గ్రూపుల్లో చోటు దొరకదు, సినిమా పేరు ఉంటే తప్ప.

పేరు సంగతికి వద్దాం. కోట్లు పోశాడనడానికి మెసేజ్‌లో ఆధారం ఒక్కటీ లేదు. ఎందుకు ఆ పేరు పెట్టారో పెట్టినవాళ్ళే చెప్పారు. 2020లో కామెరూన్ ప్రభుత్వం ఎబోలో కలప కోతకు అనుమతి ఇవ్వబోయినప్పుడు డికాప్రియో సోషల్ మీడియాలో గట్టిగా గొంతెత్తాడు, అందుకు కృతజ్ఞతగా. అయితే ఒకటి ఒప్పుకుంటాను. ఈ పేరు నాకూ పెద్దగా నచ్చలేదు. ఆ అడవి తాతల నాటి నుంచి తమదంటూ పోరాడుతున్న బానెన్ జనం ఉన్నారు. పేరు వాళ్ళది పెట్టి ఉంటే బాగుండేది. కానీ అప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎబో అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు, అదీ నిజమే.

ఋషుల గురించి. యాభై చెట్లు, అవీ కామెరూన్‌లో. సీతాఫలం పుట్టిల్లే అమెరికా ఖండం. ఋషుల్ని వదిలేయండి పాపం.

ఇక కషాయం. నిజానికి ఈ ఒక్క ముక్క కోసమే ఇదంతా రాస్తున్నాను. కొత్త జాతిని ప్రకటించిన ఆ వ్యాసం చెట్టు ఆకారం గురించి, పరాగ సంపర్కం గురించి, ఎబోలో మాత్రమే దొరికే అరుదైన మొక్కల గురించి. మందు గురించి కాదు. మరి పది వేల రెట్లు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? ఆశ్చర్యం ఏమిటంటే ఆ అంకె కల్పితం కాదు. 1996లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీవాళ్ళు లక్ష్మణఫలం గింజల నుంచి తీసిన ఒక పదార్థాన్ని ల్యాబులో పెంచిన పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద వేసి, ఎడ్రియామైసిన్ అనే కీమో మందుతో పోల్చారు. పది వేల రెట్లు అన్నది అక్కడిది. గింజల్లోది, ఆకులది కాదు. గాజుపాత్రలో, మనిషిలో కాదు. పైగా ఎడ్రియామైసిన్ పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే మందే కాదు, అక్కడ దాని ప్రభావం నామమాత్రం. పరుగు పందెంలో నత్తను ఓడించిన తాబేలును ఒలింపిక్స్‌కు పంపడం లాంటిది.

గాజుపాత్రలో కణాలను చంపడం గొప్పా? బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది. సీతాఫలం, లక్ష్మణఫలం ఉన్న ఈ కుటుంబపు గింజలకు, ఆకులకు ఆ శక్తి ఎక్కణ్ణుంచి వచ్చిందో మన అమ్మమ్మలకు ఒక రకంగా తెలుసు. సీతాఫలం గింజల పొడి పేలకు పట్టించేటప్పుడు కళ్ళలో పడనిచ్చేవాళ్ళు కాదు, పడితే నల్లగుడ్డు మీది పొర పుండు పడుతుంది కాబట్టి. వీటిలోని ఎసిటోజెనిన్లు అనే రసాయనాలు కణంలో శక్తి తయారయ్యే చోటే దెబ్బ కొడతాయి. పేను కణమా, క్యాన్సర్ కణమా, మెదడు కణమా అని అడిగి మరీ కొట్టవు. కరీబియన్‌లోని గ్వాడెలూప్ దీవిలో మామూలు పార్కిన్సన్ మందులకు లొంగని ఒక రకం వణుకుడు జబ్బు ఎక్కువగా ఉందని, అది వచ్చినవాళ్ళలో చాలామంది లక్ష్మణఫలం పండ్లు, ఆకుల టీ తెగ వాడేవాళ్ళని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత ఎనోనాసిన్ అనే ఎసిటోజెనిన్‌ను ఎలుకలకు ఎక్కిస్తే వాటి మెదడు కణాలూ దెబ్బతిన్నాయి. ఎప్పుడో ఒక పండు తిన్నారని టెన్షన్ పడక్కర్లేదు. రోజూ పరగడుపున గ్లాసుడు కషాయం సంగతి వేరు.

మా పిన్నికి కీమో నడుస్తున్న రోజుల్లో చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక సంచీ తెచ్చేవాళ్ళు. ఆకులు. “కెమికల్ కాదమ్మా, చెట్టుదే” అని. మూడో సైకిల్ అయ్యాక వాంతులతో నీరసించి, “ఒరే, ఇది మానేసి ఆ ఆకులే తాగనా?” అని నన్నడిగింది. ఆ మాట ఆమె నోట రావడానికి కారణం ఇలాంటి మెసేజే. పంపినాయన ఆస్పత్రికి తోడు రాలేదు, బిల్లు కట్టలేదు, రాత్రి గిన్నె పట్టుకుని పక్కన కూర్చోలేదు. పది మందికి పంపాడు, అంతే. పిన్ని కీమో పూర్తి చేసింది కాబట్టి ఈ మాత్రం వెటకారంగా రాయగలుగుతున్నాను.

ఇంకో లెక్క కూడా వేసి చూడండి. ఉన్నవి యాభై లోపు చెట్లు. ఆకులకు రేటు పలుకుతుందని తెలిస్తే ఎన్నాళ్ళుంటాయి? ఎర్రచందనం ఏమైందో శేషాచలం కింద బతుకుతున్న మనకు ఒకరు చెప్పాలా?

చివరిది, అడవికి ఢోకా లేదన్న మాట. 2020 జులైలో ఎబోలో 68 వేల హెక్టార్ల పైచిలుకు అడవిని కలప కోతకు కేటాయిస్తూ ఉత్తర్వు వచ్చింది. గొడవ పెద్దదయ్యాక ఆగస్టులో అధ్యక్షుడు దాన్ని ఆపించాడు. అక్కడిదాకా మెసేజ్ రాసినాయన సంతోషం సమంజసమే. కానీ ఎబో అప్పటికీ నేషనల్ పార్కు కాదు. 2023లో కలప కోతకు దారి తెరుస్తూ ప్రభుత్వం మళ్ళీ ఉత్తర్వు ఇచ్చింది. డికాప్రియో పేరు పెట్టి అప్పటికి రెండేళ్ళు కూడా నిండలేదు.