గేజీ అంకె, ఇంటి గడప

నదికి నీరొచ్చే కాలం దగ్గరపడితే ఒడ్డున ఇల్లున్నవారిని వేధించే ప్రశ్న ఒక్కటే: నీళ్లు గడప దాటుతాయా? యంత్రాంగం చెప్పే జవాబు మాత్రం క్యూసెక్కుల్లోనో, ప్రమాద హెచ్చరికల అంకెల్లోనో ఉంటుంది. ఆ అంకెను ప్రతి ఇంటి నేలమట్టంతో ముడిపెట్టి చూపనంతకాలం ముంపు అంచనా పూర్తయినట్టు కాదన్నది మా అభిప్రాయం.

ఒక లెక్క చూద్దాం. నదిలో నీటిమట్టాన్ని కొలిచే గేజీ (అంకెలు వేసిన కొలబద్ద) సున్నా గుర్తు సముద్రమట్టానికి 5 మీటర్ల ఎత్తున ఉందనుకుంటే, గేజీలో 9 మీటర్లు నమోదైనప్పుడు అక్కడి నీటిమట్టం 14 మీటర్లవుతుంది. ఇంటి లోపలి నేల 14.6 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇంకా 60 సెంటీమీటర్ల వెసులుబాటు ఉందని యజమాని ధీమాగా ఉండిపోవచ్చు. కానీ ఆ ఇల్లు గేజీకి 4 కిలోమీటర్ల ఎగువన ఉండి, వరద వాలు (ఎగువకు పోయేకొద్దీ నీటిమట్టం పెరిగే తీరు) కిలోమీటరుకు 20 సెంటీమీటర్లయితే, ఇంటి దగ్గర నీరు 14.8 మీటర్లకు చేరుతుంది. అంటే గదుల్లో 20 సెంటీమీటర్ల నీళ్లు. మంచం కింద దాచిన దస్తావేజుల పెట్టె తడవడానికి ఆ మాత్రం చాలు.

‘వందేళ్ల వరద’ అన్న మాట చేసిన చేటు కూడా తక్కువేమీ కాదు. ఏటా 1 శాతం అవకాశం ఉన్న వరద అని దాని అర్థం కాగా, మొన్ననే వచ్చిపోయింది కనుక మన తరంలో మళ్లీ రాదని జనం నిశ్చింత పడుతున్నారు. 30 ఏళ్లు అదే ఇంట్లో ఉండే కుటుంబానికి అలాంటి వరదను ఒక్కసారైనా చూసే అవకాశం సుమారు 26 శాతం. పైగా ఆ అంచనాలు పాత రికార్డుల మీద కట్టినవి. పూడికతో నదీగర్భం మెరకెక్కినా, ఎగువన చెరువులు పూడి కాంక్రీటు పరుచుకున్నా లెక్క తిరగరాయాల్సిందే. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదన్నదీ, అంటే వానలు మరింత భారీగా కురవగలవన్నదీ మరవకూడదు.

కరకట్ట వెనుక ఇళ్లకు భయం లేదనుకోవడం మరో పొరపాటు. నది గట్టు దాటనక్కర్లేదు. మట్టం పెరిగితే మురుగు కాలువలోంచి నీరు ఎగదన్ని వీధిలోకి వస్తుంది, కురిసిన వానకు బయటికి దారి మూసుకుపోతుంది.

కనుక వానాకాలానికి ముందే లోతట్టు ప్రాంతాల్లో ప్రతి ఇంటి నేలమట్టం కొలిపించి, గేజీలో ఏ అంకెకు ఏ వీధి మునుగుతుందో అక్కడి గోడల మీదే రాయించాలి. పాత వరద గుర్తులను భద్రపరచాలి (అద్దె తగ్గుతుందని వాటిమీద సున్నం కొట్టించే యజమానులూ లేకపోలేదు). ఇల్లు కొనేవారికి, అద్దెకు దిగేవారికి ఈ వివరాలు ముందే అందేలా నిబంధన తేవాలి. ఎగువ గేజీ దాటిన నీరు తమ వీధికి ఎన్ని గంటల్లో చేరుతుందో, అర్ధరాత్రి అయితే ఎవరు తలుపు తడతారో కూడా ఆ ఇళ్లవారికి ఇప్పుడే తెలియాలి.